కమ్యుటేటివ్ ఆల్జీబ్రా టాకులు పదో నిమిషం దాటాక కూడా అర్థం కావాలంటే ముందు ఏం చేసుకోవాలి?

మూడులాంతర్లు
విజయనగరంలో ఎమ్మెస్సీ మేథ్స్ చదివేవాళ్లం ఆరుగురం, శ్రీకాకుళం నుంచి వచ్చే రీసెర్చ్ స్కాలర్లు ఇద్దరు. నెలకో శనివారం కూర్చుని కమ్యుటేటివ్ ఆల్జీబ్రా టాకుల రికార్డింగులు చూద్దామనుకుంటున్నాం. 2020లో ఐఐటీ బాంబే నుంచి మొదలైన ఆన్‌లైన్ సెమినార్ టాకులు దొరుకుతున్నాయి కాబట్టి సరుకుకి కొదవ లేదు. చిక్కేటంటే, రింగు, ఐడియల్, నోథీరియన్, హిల్బర్ట్ బేసిస్ సిద్ధాంతం వరకూ అందరికీ వచ్చు. టాకులో పదో నిమిషానికల్లా డెప్త్, కోహెన్–మకాలే, రెగ్యులారిటీ, లోకల్ కోహోమాలజీ అన్నీ ఒకేసారి వచ్చి పడతాయి. జ్యామితితో సంబంధం అక్కడే మొదలవుతుంది, అక్కడే పట్టు తప్పుతుంది. ఏది ముందు చదవాలి? పెద్దవాళ్లు దారి చెప్పండి.

నాగావళి గట్టు
ఏ పుస్తకం ముందు అన్నది తర్వాత చూద్దాం. ముందు ఒక్క ఉదాహరణ చేత్తో పూర్తిగా చేసి, ఒక కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి. టాకులో కొత్త మాట వినపడిన ప్రతిసారీ ఆ కాగితం మీద దాని విలువ ఎంతో రాయండి. నిర్వచనం కంఠతా పట్టిన దానికంటే ఇది పదిరెట్లు పనిచేస్తుంది.

ఉదాహరణ ఇది. స, త అని రెండు చలరాశులు. డిగ్రీ 4 మోనోమియల్స్ ఐదు: స⁴, స³త, స²త², సత³, త⁴. మధ్యలో ఉన్న స²త² తీసేయండి. మిగిలిన నాలుగింటికి పేర్లు పెడదాం:

క = స⁴, గ = స³త, చ = సత³, ట = త⁴.

ఈ నాలుగూ కలిసి పుట్టించే రింగు పేరు ర. జ్యామితిలో ఇది త్రిమితీయ ప్రొజెక్టివ్ స్పేస్‌లో డిగ్రీ 4 వక్రం. మకాలే వక్రం అంటారు.

మొదటి పని, డిగ్రీ వారీగా లెక్కపెట్టడం. క, గ, చ, ట ఒక్కొక్కదాన్ని డిగ్రీ 1గా లెక్కిస్తే, ర లో డిగ్రీ 1లో నాలుగు మోనోమియల్స్, డిగ్రీ 2లో తొమ్మిది, డిగ్రీ 3లో పదమూడు, డిగ్రీ 4లో పదిహేడు. ఇదే హిల్బర్ట్ ఫంక్షన్.

రెండో పని, సంబంధాలు రాయడం. నాలుగు ఉన్నాయి:

కట = గచ
గ³ = క²చ
చ³ = గట²
కచ² = గ²ట

ఇక్కడ ఆగండి. స, త పెట్టి నాలుగూ సరిచూసుకున్నాకే ముందుకు వెళ్లండి. చివరి దాని మీదే మిగతా కథంతా నడుస్తుంది.

ఆమదాలవలస ప్యాసింజర్
మాస్టారూ, అంటే ద డిగ్రీలో హిల్బర్ట్ ఫంక్షన్ 4ద+1 అని రాసేయవచ్చు కదా? 9, 13, 17 అన్నీ సరిపోయాయి.

నాగావళి గట్టు
ద=1 దగ్గర సరిపోదు తమ్ముడూ. సూత్రం 5 అంటుంది, రింగులో ఉన్నవి 4. 4ద+1 అనేది హిల్బర్ట్ పాలినోమియల్. ఫంక్షన్, పాలినోమియల్ పెద్ద డిగ్రీల్లో కలుస్తాయి, చిన్న డిగ్రీల్లో విడిపోవచ్చు. ఆ ఒక్కటి తేడా మనం తీసేసిన స²త² తాలూకు లోటు. డిగ్రీ 2కి వెళ్తే ఆ లోటు పూడిపోయింది, ఎందుకంటే స, త లలో ఎనిమిదో డిగ్రీ మోనోమియల్స్ తొమ్మిదీ వచ్చేశాయి: స⁶త² కావాలంటే గ² ఉంది, స⁵త³ కావాలంటే కచ ఉంది, స⁴త⁴ కావాలంటే కట ఉంది.

ఇప్పుడు డెప్త్, అంటే రెగ్యులర్ సీక్వెన్స్ ఎంత పొడవు వరకు సాగుతుందో ఆ అంకె. అది డైమెన్షన్‌తో సమానమైతే రింగు కోహెన్–మకాలే. ర డైమెన్షన్ 2. క, ట రెండూ సున్నా చేస్తే గ, చ నిల్‌పొటెంట్ అయిపోతాయి, కాబట్టి క, ట పారామీటర్లుగా పనికొస్తాయి. కోహెన్–మకాలే కావాలంటే ఈ రెండూ రెగ్యులర్ సీక్వెన్స్ కావాలి. అంటే, క తో భాగించాక ట జీరో డివైజర్ కాకూడదు.

నాలుగో సంబంధం చూడండి: ట·గ² = క·చ². కుడివైపు క గుణిజం. మరి గ² క గుణిజమా? గ²ని క తో భాగిస్తే స⁶త² / స⁴ = స²త². అది ర లో లేదు! కాబట్టి క తో భాగించిన రింగులో గ² సున్నా కాదు, దాన్ని ట తో గుణిస్తే సున్నా. డెప్త్ 1 దగ్గరే ఆగిపోయింది. ర కోహెన్–మకాలే కాదు.

చంపావతి
మాస్టారు చెప్పినదానికి జ్యామితి వైపు నుంచి ఒక మాట. డిగ్రీ 4 మోనోమియల్స్ ఐదూ ఉంచుకుంటే, నాలుగు మితుల ప్రొజెక్టివ్ స్పేస్‌లో రేషనల్ నార్మల్ కర్వ్ వస్తుంది. దాని రింగు కోహెన్–మకాలే. స²త² తీసేయడమంటే, ఆ వక్రం మీద లేని ఒక బిందువు దగ్గర దీపం పెట్టి, మూడు మితుల్లోకి దాని నీడ పడేలా చేయడమే. నీడలో వక్రం తనను తాను ఖండించుకోలేదు, నునుపుగానే ఉంది. కానీ నీడని చూసి అసలు వక్రం ఏ స్పేస్ నుంచి వచ్చిందో ఆల్జీబ్రా గుర్తుపడుతుంది. లీనియర్‌గా నార్మల్ కాదు అని జ్యామితివాళ్లు అనే మాట, డెప్త్ 1 అని ఆల్జీబ్రావాళ్లు అనే మాట, రెండూ ఇక్కడ ఆ ఒక్క మోనోమియల్ గురించే.

ఆమదాలవలస ప్యాసింజర్
మళ్లీ అడ్డొస్తున్నాను, క్షమించండి మేడమ్. నునుపైన వక్రం అయితే దాని లోకల్ రింగులన్నీ రెగ్యులర్ కదా. రెగ్యులర్ అయితే కోహెన్–మకాలే కావాలి. మరి ర కాకుండా ఎలా పోయింది?

చంపావతి
టాకుల్లో సగం మంది తడబడేది ఇక్కడే, అడిగి మంచి పని చేశావు. వక్రం వేరు, వక్రం మీద లేచిన కోన్ వేరు. ర అనేది కోన్ తాలూకు రింగు. కోన్ శిఖరం, అంటే క, గ, చ, ట నాలుగూ సున్నా అయ్యే చోటు, ప్రొజెక్టివ్ స్పేస్‌లో బిందువే కాదు. వక్రం మీద ఏ బిందువు దగ్గర చూసినా రెగ్యులరే. తేడా అంతా శిఖరం దగ్గర ఉంది. అందుకే టాకు ఇచ్చేవాళ్లు ఉత్త కోహెన్–మకాలే అనకుండా "అరిథ్మెటికల్లీ కోహెన్–మకాలే" అంటారు. ఆ ముందు మాట వినపడితే కోన్ గురించి మాట్లాడుతున్నారని రాసుకోండి. ఆ మాట మింగేసి మాట్లాడేవాళ్లూ ఉంటారు. అప్పుడు స్లైడ్ మీద రింగు గ్రేడెడ్‌గా ఉందో లోకల్‌గా ఉందో చూసి పోల్చుకోవాలి.

లోకల్ కోహోమాలజీకి కూడా ఇదే గుమ్మం. ఇక్కడ మొదటిది, రింగులో ఉండాల్సి ఉండి లేనివాటిని పట్టి చూపిస్తుంది. ఈ వక్రానికి మొదటి లోకల్ కోహోమాలజీ మొత్తం ఒక మితి వెక్టర్ స్పేస్, డిగ్రీ 1లో. అందులో కూర్చున్నది స²త². గ్రోథెండీక్ 1961లో హార్వర్డ్ సెమినార్‌లో చెప్పిన సిద్ధాంతంలోకి ఇంత చిన్న తలుపు గుండా కూడా వెళ్లవచ్చు.

పొందూరు నూలు
కంప్యూటర్ మీద చేసేవాళ్లకి కొన్ని జాగ్రత్తలు. మకాలే2, సింగులర్, కోకోవా అనే ఆల్జీబ్రా సాఫ్ట్‌వేర్లు మూడూ ఉచితమే. పాత ల్యాప్‌టాప్ మీద కూడా ఈ లెక్క కన్నుమూసి తెరిచేలోగా అయిపోతుంది.

పద్ధతి: నాలుగు చలరాశుల రింగు నుంచి స, త రింగుకి మ్యాప్ రాయండి, దాని కెర్నల్ అడగండి. పైన మాస్టారు రాసిన నాలుగు సంబంధాలూ వస్తాయి: క్వాడ్రిక్ ఒకటి, క్యూబిక్స్ మూడు. తర్వాత ఫ్రీ రెజల్యూషన్, దాని బెట్టీ పట్టిక అడగండి.

తేడా వచ్చే చోట్లు ఇవి.

స, త లకి డిగ్రీ 1 ఉంచి, క నుంచి ట వరకు కూడా డిగ్రీ 1 వదిలేస్తే మ్యాప్ గ్రేడెడ్ కాదు. క, గ, చ, ట లకి డిగ్రీ 4 ఇవ్వండి, లేదా కెర్నల్ వచ్చాక ఆ ఐడియల్‌ని మామూలు డిగ్రీల రింగులోకి మార్చుకోండి. లేకపోతే బెట్టీ పట్టికలో అంకెలు అర్థంలేని వరసల్లో పడతాయి.

చేత్తో స, త లని ఎలిమినేట్ చేసేటప్పుడు తప్ప లెక్సికోగ్రాఫిక్ ఆర్డర్ జోలికి వెళ్లకండి. పెద్ద ఐడియల్స్‌తో ఆ ఆర్డర్‌లో గ్రోబ్నర్ బేసిస్ ఉబ్బిపోయి మెమరీ తినేస్తుంది. రివర్స్ లెక్స్ ఉంచండి.

రేషనల్ సంఖ్యల మీద పెద్ద లెక్క పెడితే భిన్నాల్లో అంకెలు బారెడు పెరిగిపోతాయి. అందుకే 32003 లాంటి ప్రైమ్ మీద చేస్తారు. కానీ ఒక్క ప్రైమ్‌తో నమ్మేయకూడదు, ఇంకో ప్రైమ్‌తోనూ చూడాలి. దీనికి పెట్టింది పేరైన ఉదాహరణ రైస్నర్ 1976లో ఇచ్చినది: రియల్ ప్రొజెక్టివ్ ప్లేన్‌ని ఆరు శీర్షాలు, పదిహేను అంచులు, పది త్రిభుజాలతో కుడతారు. దాని నుంచి ఆరు చలరాశుల్లో పది క్యూబిక్ మోనోమియల్స్ ఉన్న ఐడియల్ వస్తుంది. కేరక్టరిస్టిక్ 2 కాకపోతే కోషెంట్ కోహెన్–మకాలే. 2 అయితే కాదు. మోనోమియల్స్‌లో అంకెలే లేవు, అయినా జవాబు ఫీల్డ్ మీద ఆధారపడింది! కారణం టోపాలజీది: ఆ ప్లేన్ హోమాలజీలో 2 తాలూకు టార్షన్ ఉంది.

నాగావళి గట్టు
బాగా గుర్తుచేశారు. ఇంకో పొరపాటు కూడా రాయాలి. నాలుగు సమీకరణాలు ఎందుకు, వక్రం కదా, రెండు చాలవా అని మొదటి రెండే పెట్టి లెక్క మొదలెడతారు. కట = గచ, గ³ = క²చ మాత్రమే తీసుకుంటే డిగ్రీ 2×3 = 6 వస్తుంది. మన వక్రం డిగ్రీ 4. మిగిలిన 2 ఎక్కడిదంటే, క = గ = 0 అనే సరళరేఖ రెండుసార్ల లెక్కన అందులో దూరింది. క = 0 అని పెట్టి చూడండి, గ³ = 0 అవుతుంది, రేఖ బయటపడుతుంది. క = 1 అని పెడితే చ = గ³, ట = గ⁴, అసలు వక్రం.

బిందువుల సమితిగా చూస్తే ఈ వక్రాన్ని రెండే సర్ఫేసుల ఖండనంగా రాయగలమా అన్నది వేరే ప్రశ్న. కేరక్టరిస్టిక్ ప్రైమ్ అయినప్పుడు రాయగలమని హార్ట్‌షోర్న్ 1979లో చూపించాడు. కేరక్టరిస్టిక్ సున్నాలో, అంటే కాంప్లెక్స్ సంఖ్యల మీద, ఇంత చిన్న వక్రానికి జవాబు తేలలేదు. ఎమ్మెస్సీ పిల్లలు కాగితం మీద రాయగలిగిన నాలుగు సమీకరణాల వెనక తెరిచి ఉన్న ప్రశ్న అది.

మూడులాంతర్లు
మాస్టారూ, నాలుగు సంబంధాలూ సరిచూసుకున్నాం. కంప్యూటర్ మీద బెట్టీ పట్టిక కూడా వచ్చింది: 1, 4, 4, 1. అయితే దాన్ని ఎలా చదవాలో తెలియలేదు.

పొందూరు నూలు
ఎడమ నుంచి చదవండి. 1 అంటే రింగు తానే. తర్వాతి 4 సంబంధాలు: డిగ్రీ 2లో ఒకటి, డిగ్రీ 3లో మూడు. ఆ తర్వాతి 4 సంబంధాల మధ్య సంబంధాలు, అంటే సిజిజీలు, అన్నీ డిగ్రీ 4లో. చివరి 1 డిగ్రీ 5లో. రెజల్యూషన్ పొడవు 3. చలరాశులు 4. ఔస్లాండర్–బుక్స్‌బౌమ్ సూత్రం ప్రకారం డెప్త్ = 4 − 3 = 1. మాస్టారు చేత్తో తీసినదే మళ్లీ వచ్చింది. రెండు దారుల్లో ఒకే అంకె వస్తేనే ముందుకెళ్లండి.

హిల్బర్ట్ సిరీస్, అంటే హిల్బర్ట్ ఫంక్షన్ విలువల్ని గుణకాలుగా పెట్టి వ అనే చలరాశిలో రాసే సిరీస్, కూడా ఇందులోంచే వస్తుంది. లవం 1 − వ² − 3వ³ + 4వ⁴ − వ⁵, హారం (1 − వ)⁴. లవంలోంచి (1 − వ)² కొట్టేస్తే మిగిలేది 1 + 2వ + 2వ² − వ³. వ = 1 పెడితే 4, అదే వక్రం డిగ్రీ. చివర మైనస్ ఉంది చూశారా? కోహెన్–మకాలే రింగుకి ఇక్కడ రుణ సంఖ్య రానే రాదు. ఈ మిగిలిన గుణకాల వరసనే హెచ్ వెక్టర్ అంటారు. టాకులో దాన్ని స్లైడ్ మీద పెట్టినప్పుడు ముందు మైనస్ ఉందేమో చూడండి. అయితే మైనస్ లేనంత మాత్రాన కోహెన్–మకాలే అని తేల్చేయకూడదు, అటునుంచి ఇటు రాదు.

చంపావతి
రెగ్యులారిటీ కూడా ఈ పట్టికలోనే ఉంది. డిగ్రీలోంచి ఎన్నో మెట్టో తీసేయాలి: 2−1, 3−1, 4−2, 5−3. పెద్దది 2. అది ర రెగ్యులారిటీ, ఐడియల్‌కైతే ఒకటి ఎక్కువ, 3. టాకుల్లో ఈ ఒకటి తేడా దగ్గరే గందరగోళం. మాట్లాడేవాళ్లు రింగు గురించి చెబుతున్నారా, ఐడియల్ గురించా అన్నది మొదటి స్లైడ్‌లోనే గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు పరిశోధన ఎక్కడుందో చూడండి. గ్రూసాన్, లాజర్స్‌ఫెల్డ్, పెస్కీన్ 1983లో నిరూపించినది: ఏ హైపర్‌ప్లేన్‌లోనూ ఇమడని వక్రం డిగ్రీ డ, స్పేస్ మితి న అయితే, ఐడియల్ రెగ్యులారిటీ డ − న + 2 దాటదు. మన దానికి 4 − 3 + 2 = 3. సరిగ్గా అంచు మీద ఉంది. వక్రాలకే కాదు, ప్రైమ్ ఐడియల్స్ అన్నిటికీ ఇలాంటి హద్దు, డిగ్రీ − కోడైమెన్షన్ + 1 (కోడైమెన్షన్ అంటే స్పేస్ మితిలోంచి వస్తువు మితి తీసేస్తే మిగిలేది), ఉంటుందని ఐసెన్‌బడ్, గోటో 1984లో ఊహించారు. మూడు దశాబ్దాలు చాలామంది నమ్మారు. మెకల్లఫ్, పీవా 2018లో ప్రచురించిన పేపర్‌లో అది తప్పని చూపించారు. చిన్న తేడాతో తప్పడం కాదు, డిగ్రీలో ఏ పాలినోమియల్ తీసుకున్నా రెగ్యులారిటీకి హద్దు వేయలేదన్నారు. ఆ పేపర్ మీద వచ్చే టాకులు వినాలంటే కావలసిన సరంజామా ఈ ఒక్క కాగితం మీద చాలావరకు ఉంది.

గంటస్తంభం
అందరూ రెజల్యూషన్ల వైపే లాగుతున్నారు. మన దేశంలో ఈ సబ్జెక్టు వేళ్లూనింది ప్రొజెక్టివ్ మాడ్యూల్స్ మీద, అంటే ఫ్రీ మాడ్యూల్స్‌లోంచి విడివడే ముక్కల మీద. దాన్ని వదిలేస్తే టీఐఎఫ్ఆర్ (ముంబైలోని టాటా పరిశోధన సంస్థ) వైపు నుంచి వచ్చే టాకులు అర్థం కావు. సేర్ 1955లో అడిగాడు: పాలినోమియల్ రింగు మీద ప్రొజెక్టివ్ మాడ్యూల్స్ అన్నీ ఫ్రీయేనా అని. జ్యామితిలో చెప్పాలంటే, చదునైన అఫైన్ స్పేస్ మీద వెక్టర్ బండిల్ మెలి తిరగగలదా అని. రెండు చలరాశులకి శేషాద్రి 1958లో తేల్చారు. అన్నిటికీ 1976లో క్విల్లెన్, సుస్లిన్ ఎవరికి వారే తేల్చారు.

దీనికి కాగితం మీద పెట్టుకోవాల్సిన ఉదాహరణ రియల్ గోళం. మూడు చలరాశులు, వర్గాల మొత్తం 1. ఆ రింగు మీద టాంజెంట్ మాడ్యూల్‌కి ఒక ఫ్రీ ముక్క కలిపితే ర్యాంక్ 3 ఫ్రీ మాడ్యూల్ అవుతుంది. కలపకపోతే ఫ్రీ కాదు, గోళం మీద వెంట్రుకలన్నీ పడుకోబెట్టి దువ్వలేం కాబట్టి. పైగా రెండు ముక్కలుగా కూడా విడదు. విడితే ర్యాంక్ 1 ముక్కలు రెండు రావాలి, ఆ రింగు యూఎఫ్‌డీ (ప్రతి మూలకం ఒకే విధంగా ప్రైమ్‌లుగా విడేది) కనుక అవి ఫ్రీ కావాలి, అప్పుడు మొత్తం ఫ్రీ అయిపోతుంది. ఒకే పనస మొద్దులో తొలిచిన బొబ్బిలి వీణలాంటిది, అతుకు ఎక్కడా లేదు. అదే కాంప్లెక్స్ సంఖ్యల మీదికి వెళ్తే ఫ్రీ అయిపోతుంది. ఫీల్డ్ మారితే జవాబు మారడం రైస్నర్ ఉదాహరణలో చూశారు, ఇక్కడా అదే, కారణం మాత్రం వేరు.

నాగావళి గట్టు
మీరన్నది నిజమే, కాదనను. కానీ మొదటి మూడు నెలలకి రెండు దారులూ ఒకేసారి పట్టుకుంటే ఎనిమిది మందిలో నలుగురు జారిపోతారు. గోళం రెండో కాగితంగా నాలుగో నెలకి ఉంచండి.

గంటస్తంభం
సరే, నాలుగో నెలైనా పర్లేదు, వదిలేయవద్దనే నా బాధ. భట్వాడేకర్, రాజా శ్రీధరన్ల ఆయిలర్ క్లాస్ గ్రూపు పని అంతా గోళం దగ్గర మొదలయ్యే ప్రశ్నే: ఫ్రీ ముక్క ఎప్పుడు విడుతుంది, విడకపోతే అడ్డుపడేది ఏది.

చంపావతి
చూసే పద్ధతి గురించి. గంట టాకుని ఏకబిగిన చూడకండి. ముందురోజు ఒకరు మొదటి పదిహేను నిమిషాలు చూసి, వచ్చిన కొత్త మాటలు ఐదారు బోర్డు మీద రాయాలి. శనివారం మొదటి అరగంట ఆ మాటలకి మకాలే వక్రం మీద విలువలు కట్టాలి. తర్వాతే వీడియో. మొదటి సిద్ధాంతం చెప్పగానే ఆపేయండి. ఆ సిద్ధాంతంలో ప్రతి షరతూ మన ఉదాహరణకి వర్తిస్తుందో లేదో చూడాలి. వర్తించకపోతే ఇంకా మంచిది, ఏ షరతు తప్పిందో దొరుకుతుంది కాబట్టి. నిరూపణ మొదలయ్యాక పది నిమిషాలు చాలు, మిగతాది వదిలేసి చివరి పది నిమిషాల్లో తెరిచి ఉన్న ప్రశ్నలకి దూకండి. అక్కడ ఉదాహరణలు బాగా వస్తాయి.

పుస్తకం విషయానికొస్తే, అందరూ పట్టుకునే అతియా–మెక్‌డొనాల్డ్‌లో పదకొండు అధ్యాయాలు. డైమెన్షన్ వరకు తీసుకెళ్తుంది, డెప్త్ దగ్గరికి తీసుకెళ్లదు. కాబట్టి అది పూర్తయ్యేదాకా టాకులు ఆపుకోవాల్సిన పనిలేదు. లోకలైజేషన్, ప్రైమరీ డీకంపొజిషన్, ఇంటెగ్రల్ డిపెండెన్స్ ఈ మూడూ గట్టిగా ఉంటే మొదలుపెట్టవచ్చు.

ఆమదాలవలస ప్యాసింజర్
మాకు అభ్యాసానికి ఇంకోటి ఇవ్వండి మాస్టారూ, జవాబు చెప్పకుండా.

నాగావళి గట్టు
డిగ్రీ 5కి వెళ్లండి. స⁵, స⁴త, సత⁴, త⁵ మాత్రమే ఉంచండి. ఏ డిగ్రీలో ఎన్ని మోనోమియల్స్ తక్కువయ్యాయో చెప్పండి. అందులోంచి ఐడియల్ రెగ్యులారిటీ తీయండి. కంప్యూటర్ ముట్టుకోవద్దు.

ఆమదాలవలస ప్యాసింజర్
త ఘాతాలు మాత్రం చూశాం: 0, 1, 4, 5. డిగ్రీ 1లో 2, 3 లేవు, రెండు తక్కువ. డిగ్రీ 2లో 0 నుంచి 10 వరకు కావాలి, 3, 7 రావడం లేదు, మళ్లీ రెండు తక్కువ. డిగ్రీ 3లో 3 = 1+1+1, 7 = 1+1+5, 8 = 4+4+0, 12 = 4+4+4 అలా పదహారూ వచ్చేశాయి. లోటు చివరిగా ఉన్న డిగ్రీ 2, దానికి ఒకటి కలిపితే రింగుకి 3, ఐడియల్‌కి 4. చంపావతి మేడమ్ చెప్పిన హద్దు 5 − 3 + 2 = 4. ఇదీ అంచు మీదే ఉంది.

చంపావతి
అంకెలన్నీ సరే. రెగ్యులారిటీకి ఇంకో దారి ఉంది: ఒక్కో లోకల్ కోహోమాలజీ ఆఖరి డిగ్రీకి దాని వరస సంఖ్య కలిపి, పెద్దది తీసుకోవాలి. ఒక్కటి మిగిలింది: మొదటి లోకల్ కోహోమాలజీలో ఆఖరి డిగ్రీకి 1 కలిపారు, రెండోదానికి 2 కలిపి చూడలేదు. దాని ఆఖరి డిగ్రీ −1, కలిపితే 1, కాబట్టి ఇక్కడ గెలవదు. వేరే వక్రానికి గెలవవచ్చు, అందుకని ఆ వరస కూడా కాగితం మీద రాసి ఉంచండి.